జిర్కోనియా మీద పోర్సిలిన్ పట్టు: 4వ పాఠం

పోయిన పాఠంలో కోపింగ్‌ని, అంటే పంటి క్రౌన్ (తొడుగు)లో పోర్సిలిన్ కింద ఉండే జిర్కోనియా అనే గట్టి సిరామిక్ చిప్పని, సింటర్ చేసి (ఫర్నేస్‌లో కాల్చి గట్టిపరచి), పంటి మోడల్ మీద సరిగ్గా కూర్చుంటుందో లేదో చూసుకున్నాం. ఇప్పుడు పోర్సిలిన్ పెట్టే ముందు దాని ఉపరితలాన్ని సిద్ధం చేద్దాం. ఇక్కడ తొందరపడితే తర్వాత షేడ్ ఎంత బాగా కుదిరినా లాభం లేదు.

క్రౌన్లకు వాడే మరో సిరామిక్ లిథియం డైసిలికేట్‌తో పని చేసినవాళ్ల చేయి ముందుగా హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ సీసా మీదికే వెళ్తుంది. దాన్ని పక్కన పెట్టేయండి. లిథియం డైసిలికేట్‌లో గాజు ఉంది కాబట్టి యాసిడ్ దాన్ని తిని సన్నని గుంటలు మిగులుస్తుంది, జిర్కోనియాలో తినడానికి ఆ గాజే లేదు.

తర్వాత తోచేది సాండ్‌బ్లాస్టింగ్, అంటే సన్నని రేణువుల్ని గాలి ఒత్తిడితో ఉపరితలం మీద కొట్టడం. గరుకు చేస్తే పట్టు పెరుగుతుందన్న లెక్క మెటల్ కోపింగ్ దగ్గర బాగానే పనిచేస్తుంది కానీ, ఇక్కడ ఒక చిక్కుంది. అల్యూమినా రేణువులు గట్టిగా తగిలినచోట జిర్కోనియా స్ఫటికాలు టెట్రాగోనల్ అనే రూపం వదిలి మోనోక్లినిక్ అనే మరో రూపానికి మారిపోతాయి, ఘనపరిమాణం 3 నుంచి 5 శాతం దాకా పెరుగుతుంది, పైగా వేడికి వ్యాకోచించే తీరు కూడా మారుతుంది. పోర్సిలిన్‌ని కంపెనీవాళ్లు టెట్రాగోనల్ జిర్కోనియాకు జోడీగా తయారుచేస్తారు, ఆ జోడీ సరిగ్గా అతుకు దగ్గరే చెడుతుంది. పట్టు పెరుగుతుందా తగ్గుతుందా అన్న దాని మీద పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పవు. నా మటుకు నేను అవసరం లేకుండా చేయొద్దంటాను. తప్పదనుకుంటే 50 మైక్రాన్ల అల్యూమినా, తక్కువ ప్రెషర్, నాజిల్‌ని ఒకేచోట ఆపకుండా తిప్పుతూ ఉండాలి. ఆ తర్వాత 1000 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఒకసారి కాల్చితే స్ఫటికాలు చాలావరకు పాత రూపానికి వస్తాయి. ఖచ్చితమైన వేడి, సమయం మీ జిర్కోనియాతో వచ్చిన కాగితంలో చూడండి.

ఇక శుభ్రం చేయడం. స్టీమ్‌తో కడిగి ఆరబెట్టాక వేలితో తాకొద్దు, క్లాంప్‌తోనే పట్టుకోండి.

ఇప్పుడు వాష్ ఫైరింగ్, అంటే మొదటి పలచటి పోర్సిలిన్ పొర పూసి కాల్చడం. ఈ పాఠంలో నేను ఎక్కువ సమయం పెట్టమనేది దీనికే. పోర్సిలిన్‌ని పలచగా కలిపి బ్రష్‌తో కోపింగ్ మీద రుద్దినట్టుగా పూయండి, పూస్తూ అంచుల్ని గమనించండి. తడి ఒక పొరలా పరుచుకుంటే ఉపరితలం శుభ్రంగా ఉన్నట్టు, ముడుచుకుని బొట్లుగా విడిపోతుంటే ఎక్కడో నూనె మరక ఉంది, తుడిచేసి మళ్లీ కడగాల్సిందే. కాల్చి తీశాక పొర అంతటా ఒకేలా మెరవాలి. ఇసుక చల్లినట్టు మసకగా కనిపిస్తే వేడి చాలలేదు, దాని మీద డెంటిన్ (పంటి రంగునిచ్చే తర్వాతి పోర్సిలిన్ పొర) పెట్టకండి.

చివరి ఫైరింగ్ తర్వాత ఫర్నేస్ తలుపు గబుక్కున తీయొద్దు. జిర్కోనియా వేడిని తొందరగా వదలదు, పైన పోర్సిలిన్ చల్లబడి గట్టిపడుతుంటే లోపల ఇంకా వేడిగానే ఉంటుంది, ఆ తేడా ఒత్తిడిగా మిగిలిపోయి వాడకంలో పెచ్చులు రేపుతుంది.

ఈ వారం పని: పెచ్చు లేచి తిరిగొచ్చిన క్రౌన్ ఒకటి లూప్ (భూతద్దం) కింద పెట్టి విరిగినచోటు చూడండి. అక్కడ పలచటి పోర్సిలిన్ పొర ఇంకా అంటుకునే ఉంటే అతుకు నిలబడింది, విరిగింది పోర్సిలినే, కాబట్టి దాని మందం, కింద కోపింగ్ ఇచ్చిన ఆధారం, చల్లార్చిన తీరు అనుమానించండి. తెల్లటి జిర్కోనియా నున్నగా బయటపడితే మాత్రం తప్పు ఈ పాఠంలోని మెట్లలోనే ఎక్కడో ఉంది. చూసింది బొమ్మ గీసి పెట్టుకోండి, 5వ పాఠంలో కోపింగ్ ఆకారం గురించి మాట్లాడేటప్పుడు దాంతో పని పడుతుంది.