తిరుపతిలో చెక్కిన దీమపు పిట్టలు, టెక్సాస్ పెరట్లో పర్పుల్ మార్టిన్లు

మా అమ్మాయి వాళ్లు ఆస్టిన్ దగ్గర ఇల్లు కొన్న ఏడాది, అల్లుడు ముచ్చటపడి పెరట్లో స్తంభం నాటి దాని మీద పన్నెండు గదుల తెల్లటి పిట్టల మేడ పెట్టాడు. పర్పుల్ మార్టిన్లనే అక్కడి వలస పిట్టల కోసం. ఆ సీజనంతా ఒక్క మార్టిన్ దిగలేదు, వచ్చినవన్నీ ఊరపిచ్చుకలే. వీడియో కాల్‌లో ఆ మేడ చూపించి "మామా, టు-లెట్ బోర్డు పెట్టాలేమో" అన్నాడు. టు-లెట్ బోర్డు పిట్టలు చదవవు గానీ వాటికి అర్థమయ్యే బోర్డు ఇంకోటి ఉంది, అదే డెకాయ్, అంటే బొమ్మ మార్టిన్. నేను స్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇక్కడ తిరుపతిలో మా ఇంటి మిద్దె మీద కూర్చుని రెండు చెక్కి పంపాను. మన జిల్లా పిల్లలు అమెరికాలో చాలామందే ఉన్నారు, పెరట్లో ఖాళీ మేడ ఉన్న ఇల్లు ఇంకొన్నైనా ఉంటాయి కదా అని, చేసిన పని చేసినట్టు రాస్తున్నాను.

డెకాయ్ అంటే మనకు కొత్తేమీ కాదు. మన పక్క పల్లెల్లో వెనకట కౌజు పిట్టల్ని పట్టేవాళ్లు పెంపుడు కౌజును పంజరంలో పెట్టి పొదల దగ్గర కూయించేవాళ్లు, దాని కూతకు అడవి కౌజులు వచ్చి ఉచ్చులో పడేవి. దాన్నే దీమపు పిట్ట అంటారు. (ఇప్పుడు అలా పడితే నేరం, అది వేరే సంగతి.) ఇక్కడా పద్ధతి అదే, కాకపోతే చివర ఉచ్చు బదులు ఇల్లుంటుంది. నేను చెక్కుతుంటే ఎదురింటాయన వచ్చి "ఏంది సార్, దిష్టిబొమ్మలా?" అన్నాడు. దిష్టిబొమ్మ పొమ్మంటుంది, ఇది రమ్మంటుందని చెప్పాను.

ముందు పిట్ట సంగతి. మార్టిన్ మన వానకోవెల కుటుంబానిదే, ఉత్తర అమెరికా వానకోవెలల్లో అన్నిటికన్నా పెద్దది. చలికాలమంతా దక్షిణ అమెరికాలో, ముఖ్యంగా బ్రెజిల్ వైపు ఉండి, గూడు పెట్టడానికి మాత్రం ఉత్తరానికి వస్తుంది. రాకీ పర్వతాలకు తూర్పున ఉన్నవి దాదాపు పూర్తిగా మనుషులు పెట్టిన ఇళ్లలోనే కాపురం చేస్తాయి. ఈ అలవాటు నిన్నమొన్నటిది కాదు, అక్కడి మూలవాసులు ఎండు సొరబుర్రలకు కన్నం పెట్టి స్తంభాలకు కట్టేవాళ్లు. ఇప్పటికీ చాలామంది సొరబుర్రలే కడతారు, కాకపోతే ఎక్కువగా ప్లాస్టిక్‌వి. ఈ పిట్టల్ని చూసుకునేవాళ్లను అక్కడ ల్యాండ్‌లార్డ్ అంటారు, మన భాషలో ఇంటి ఓనరు. అద్దె మాత్రం రాదు.

డెకాయ్ ఎవరి కోసమో తెలియకపోతే పనంతా వృథా. పెద్ద మార్టిన్లు కిందటేడు గూడు పెట్టిన చోటికే తిరిగి వెళ్తాయి, టెక్సాస్‌లో జనవరి చివర, ఫిబ్రవరిలోనే దిగిపోతాయి. వాటి ముందు ఎన్ని బొమ్మలు పెట్టినా వాటికి పాత ఇల్లే ముద్దు. వాటి వెనక నాలుగు నుంచి ఆరు వారాలకు కిందటేడు పుట్టిన కుర్రపిట్టలు వస్తాయి. వీటికి సొంత ఇల్లు లేదు, ఊరు కొత్త, ఎక్కడ దిగాలో తెలియదు. కొత్త మేడలో మొదట దిగేది దాదాపు ఎప్పుడూ ఇవే. తిరుపతి బస్టాండు దగ్గర చూడండి, బయటూరి భక్తులు జనం లేని హోటల్లోకి అడుగు పెట్టరు, నలుగురు కూర్చుని తింటున్న చోటికే పోతారు. కుర్ర మార్టిన్ కూడా అంతే. మేడ మీద తనలాంటివి రెండు కనిపిస్తే, ఇక్కడేదో బాగుందని ఒక చుట్టు తిరిగి చూస్తుంది. బొమ్మ చేసేది అంతవరకే, ఆ తర్వాత దిగాలా వద్దా అన్నది ఇల్లు బట్టి. హోటల్ ముందు జనాన్ని కూర్చోబెట్టినా ఇడ్లీ పాచిదైతే ఎవరుంటారు?

ఇది నేను కల్పించిన సిద్ధాంతం కాదు. అమెరికాలో మెయిన్ (Maine) అనే రాష్ట్రం తీరాన ఈస్టర్న్ ఎగ్ రాక్ అని చిన్న దీవి ఉంది, అక్కడ పఫిన్ అనే సముద్రపక్షులు వేటకు అయిపోయి కనుమరుగయ్యాయి. స్టీఫెన్ క్రెస్ అనే ఆయన 1973లో మొదలుపెట్టి కెనడా నుంచి పిల్లల్ని తెచ్చి అక్కడ పెంచి సముద్రంలోకి వదిలాడు. పెద్దయ్యాక అవి తిరిగి దిగడానికి ధైర్యం రావాలని రాళ్ల మీద చెక్క పఫిన్లను నిలబెట్టాడు. 1981లో మళ్లీ గూళ్లు పడ్డాయి. గుంపుగా బతికే పక్షులకు ఈ ఉపాయం పనికొస్తుంది. మార్టిన్లవీ గుంపు కాపురాలే.

బొమ్మ తయారీకి వద్దాం. నిజం చెప్పాలంటే అక్కడ ప్లాస్టిక్‌వి రెడీమేడ్‌గా దొరుకుతాయి, మా అమ్మాయి అదే చెప్పింది, "నీకెందుకు నాన్నా శ్రమ" అని. శ్రమ నాకు సరదా. తేలిక చెక్క తీసుకోండి. ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్క శిల్పాలు చేసేవాళ్లున్నారు, ముక్కలు అక్కడ అడగొచ్చు, లేదంటే వీధి చివర వడ్రంగి దగ్గర మిగులు చెక్క చాలు. తిరుపతి బొమ్మలనగానే ఎర్రచందనం గుర్తొస్తుంది కదా, ఆ ఆలోచన కూడా చేయకండి, అది పెట్టెలో పెట్టుకుని విమానం ఎక్కితే అల్లుడింటికి కాదు వేరే ఇంటికి వెళ్తారు. మామూలు చెక్కైనా సరే బెరడు లేకుండా, పురుగు తొలిచిన కన్నాలు లేకుండా ఉండాలి, అక్కడ దిగాక కస్టమ్స్ దగ్గర చెక్క వస్తువులున్నాయని మనమే ముందు చెప్పాలి.

పొడవు ముక్కు నుంచి తోక దాకా ఎనిమిది అంగుళాలకు కాస్త తక్కువ. కూర్చున్న భంగిమలో చెక్కండి: రొమ్ము కాస్త ముందుకు, తల చదును, ముక్కు పొట్టిగా వెడల్పుగా, రెక్కలు మడిచి వాటి కొసలు తోక చివరి దాకా. తోకలో చిన్న చీలిక. ఉలితో ఆకారం తెచ్చి ఆకురాయితో రుద్ది, చివర ఉప్పుకాగితంతో నున్నగా చేయాలి. కాళ్లు చెక్కే పని పెట్టుకోవద్దు, నేను మొదటిదానికి వైరుతో కాళ్లు పెట్టి అది కొంగలా నిలబడితే మళ్లీ పీకేశాను. ఈకలు ఒక్కొక్కటీ గీయనక్కర్లేదు. పైన ఎగిరే పిట్టకు కనిపించేది ఆకారం, రంగు, కూర్చున్న తీరు.

రంగులో నేను తప్పు చేశాను, మీరు చేయకండి. వానకోవెల కదా అని పొట్ట తెల్లగా వేశాను. అది మార్టిన్ కాదు, ఇంకో పిట్ట. పెద్ద మగ మార్టిన్‌కు పొట్టతో సహా ఒళ్లంతా ముదురు నీలం కలిసిన నలుపే. నల్ల ఎనామిల్ వేసి ఆరాక, బ్రష్షు దాదాపు ఎండిపోయేలా తుడిచి, ముదురు నీలం వీపు మీద, తల మీద ఊరికే అద్దినట్టు రాస్తే ఆ నిగనిగ వస్తుంది. నీడలో చూస్తే కాకి పిల్లలాగే ఉంటుంది, భయపడకండి. ఆడదానికి వీపు అదే రంగు కొంచెం మసకగా, పొట్ట, మెడ చుట్టూ బూడిద గోధుమ రంగు. కుర్ర మగవాటికీ పొట్ట బూడిదగానే ఉంటుంది, రొమ్ము మీద అక్కడక్కడ నల్ల మచ్చలు పడతాయి. ఒక మగ, ఒక ఆడ చాలు. ఎక్కువ పెడితే ఎక్కువ వస్తాయనుకోవద్దు, దిగడానికి చోటే ఉండదు.

పొట్ట కింద సన్నటి రంధ్రం చేసి గట్టి జీఐ వైరు దిగ్గొట్టి, దాన్ని మేడ పిట్టగోడకు గానీ పైకప్పు అంచుకు గానీ బిగించాలి. గాలికి ఊగితే అది పిట్టలా కాదు, తోరణంలా ఉంటుంది. దారం వాడొద్దు, కాళ్లు, మెడ చిక్కుకుంటాయి. ఏ గది ద్వారానికీ అడ్డం రాకూడదు, ఒకటి పైన, ఒకటి కింది వరండాలో, రెండూ ఆకాశం నుంచి కనిపించేలా పెట్టండి.

ఇప్పుడు అసలు సంగతి, ఇల్లు. మా అల్లుడు మొదటి ఏడాది చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. నీడకని ఓక్ చెట్టు పక్కన పెట్టాడు. మనకు నీడ కావాలి, మార్టిన్‌కు ఖాళీ ఆకాశం కావాలి, తిన్నగా దూసుకొచ్చి దిగే పిట్ట అది. చెట్లకు కనీసం 40 అడుగుల దూరం, మనుషుల ఇంటికి మాత్రం దగ్గరే, 30 అడుగుల నుంచి వంద అడుగుల లోపల. మనం తిరుగుతుంటే శత్రువులు రావని వాటి ధీమా. ఎత్తు 10 నుంచి 15 అడుగులు. స్తంభానికి గిలకా తాడూ ఉండి మేడ కిందికి దించగలిగేలా ఉండాలి, వారానికోసారి చూసుకోవాలి కదా. స్తంభం చుట్టూ రేకు గొట్టం తొడగకపోతే పాములు ఎక్కుతాయి, టెక్సాస్‌లో ర్యాట్ స్నేక్ పిల్లల్నీ గుడ్లనీ వదలదు. గది ఆరంగుళాల వెడల్పు, పన్నెండు అంగుళాల లోతు ఉంటే మేలు. ద్వారం అర్ధచంద్రాకారంలో పెడితే స్టార్లింగ్ అనే దొంగపిట్ట దూరలేదు.

పిచ్చుకల గురించి రాయడానికి నాకు మనసొప్పదు. ఇక్కడ మేము పిచ్చుకలు తగ్గిపోయాయని వరికంకుల కుచ్చులు గుమ్మానికి కడుతున్నాం, అట్టపెట్టెలు చూరుకు వేలాడదీస్తున్నాం. అక్కడ అదే ఊరపిచ్చుకను 1850ల మొదట్లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కు ఓడలో తెచ్చి వదిలారు, ఇప్పుడు అది మార్టిన్ గదుల్లో చొరబడి గుడ్లు పగలగొడుతుంది. కాబట్టి మార్టిన్లు కనిపించేదాకా గదుల ద్వారాలు మూసే ఉంచి, ఆ తర్వాత కూడా పిచ్చుక గడ్డి తెస్తే వెంటనే తీసేయాలి. మా మనవరాలికి ఇది చెప్పడం కష్టమైంది. "తాతా, మీ ఇంట్లో మంచిది, మా ఇంట్లో చెడ్డదా?" అంది. నేను టాపిక్ మార్చాను.

బొమ్మలు ఫిబ్రవరి చివర ఎక్కించండి, కుర్రపిట్టల కన్నా ముందు. బొమ్మ ఒక్కటే మూగది, దానికి గొంతు కలిపితే బలం. పెద్ద మగ మార్టిన్లు తెల్లవారకముందు చీకట్లోనే పాడతాయి, ఆ వేకువ పాట రికార్డింగు దొరుకుతుంది. చిన్న స్పీకరు స్తంభం అడుగున పెట్టి టైమరుతో తెల్లవారుజామున 5 నుంచి సూర్యోదయం దాకా వేయాలి. పక్కింటివాళ్లకు ముందే చెప్పి సౌండు తగ్గించుకోండి, మన గుడి మైకు అలవాటు అక్కడ పనికిరాదు. మార్చి మధ్య నుంచి అక్కడ ఉదయం 5 అంటే ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర, సరిగ్గా నా టీ టైము. రోజూ కప్పు పట్టుకుని ఫోన్లో చీకటి చూస్తూ కూర్చునేవాణ్ణి, మా ఇంటావిడ "ఏమీ కనిపించని సినిమాకి ఇంత టెన్షనా" అనేది.

మేడ చోటు మార్చి, బొమ్మలెక్కించి, పాట పెట్టాక మూడు వారాలు ఏమీ లేదు. ఏప్రిల్‌లో ఒక బూడిద పొట్ట పిట్ట వచ్చి ఆడ బొమ్మ పక్కన కూర్చుంది, దాన్ని ఎగాదిగా చూసింది, ఒకసారి పొడిచింది, వెళ్లిపోయింది. మర్నాడు ఇంకోదాన్ని వెంటబెట్టుకొచ్చింది. వచ్చి పోతున్నాయని నిరుత్సాహపడి మేడను అటూఇటూ జరపొద్దు, బొమ్మల చోటు కూడా మార్చొద్దు, అవి ఇల్లు చూసుకుంటున్నాయంతే. పచ్చి ఆకులు ముక్కున పట్టుకుని లోపలికి తీసుకెళ్తే ఇక కాపురం పెట్టినట్టే. నాలుగు నుంచి ఆరు గుడ్లు, పదిహేను పదహారు రోజులు పొదుగు, పిల్లలు ఎగరడానికి ఇంకో నాలుగు వారాలు.

రెండు మూడు జంటలు స్థిరపడ్డాక బొమ్మలు తీసేయడం నా పద్ధతి. సీజనంతా ఉంచేవాళ్లూ ఉన్నారు. నిజం పిట్టలు కూర్చునే చోటును చెక్కపిట్ట ఆక్రమించడం నాకు నచ్చదు. తీశాక సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఎండకు వెలిసిన చోట రంగు వేసి సంచిలో పెట్టుకోవాలి. గూళ్లు నిండిన మేడకు మరుసటేడు వాటి అవసరం రాదు, పాత జంటలే తిరిగొస్తాయి. మా వాళ్ల మేడలో మొదట ఒక జంట, ఆ మరుసటేడు ఐదు. నా బొమ్మలు రెండూ ఇప్పుడు అదే కాలనీలో ఉండే మదనపల్లె వాళ్లింటి స్తంభం మీద ఉన్నాయి, ఇంకో రెండు చెక్కి పెట్టమని ఫోను కూడా వచ్చింది.