కరెంటు లైన్‌లో వాటా కావాలంటే: అంతర్రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ టెండర్‌కు జట్టుగా దరఖాస్తు చేసే విధానం

రోడ్లు, కాలువలు, ప్రాజెక్టులు కట్టిన అనుభవం ఉన్న కంపెనీలు హైదరాబాద్, విజయవాడల్లో చాలానే ఉన్నాయి. వాటిలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. 765 కేవీ లైన్‌కు టవర్లు ఎత్తి కూలి తీసుకునే కాంట్రాక్టరుగానే కాదు, డబ్బు పెట్టి ఆ లైన్‌కే యజమానిగా, ఇంకొకరితో వాటా పంచుకుని దిగొచ్చు. దారి ఉంది, పద్ధతి రాసిపెట్టి ఉంది. కాకపోతే కాగితాలు ఎక్కువ, గడువులు బిగుతు.

ముందు నేపథ్యం కాస్త. భూటాన్‌లోని తాలా జలవిద్యుత్‌ను సిలిగురి నుంచి ఢిల్లీ దగ్గరి మండోలా దాకా తెచ్చిన పవర్‌లింక్స్ కంపెనీలో టాటా పవర్‌కు 51, కేంద్ర ప్రభుత్వ ట్రాన్స్‌మిషన్ సంస్థ పవర్‌గ్రిడ్‌కు 49 శాతం వాటా. 2006లో ఆ లైన్ పూర్తయింది. అప్పట్లో పవర్‌గ్రిడ్ తానే భాగస్వామిని వెతుక్కుంది. ఇప్పుడు అంతర్రాష్ట్ర లైన్లు చాలావరకు టారిఫ్ ఆధారిత పోటీ బిడ్డింగ్‌లోనే, అంటే తక్కువ చార్జీ అడిగినవాళ్లకే పని ఇచ్చే పద్ధతిలోనే వస్తున్నాయి, విద్యుత్ చట్టం 2003లోని 63వ సెక్షన్ కింద. నిబంధనలు 2021లో కొత్తగా రాశారు. అంటే భాగస్వామిని సర్కారు వెతికిపెట్టదు, మీరే వెతుక్కుని జట్టుగా వెళ్లాలి. నా ఉద్దేశంలో అసలు దరఖాస్తు అక్కడే మొదలవుతుంది, పోర్టల్‌లో కాదు.

ఏ లైన్ వేయాలో జాతీయ ట్రాన్స్‌మిషన్ కమిటీ పరిశీలిస్తుంది. లైన్ ఖర్చు 500 కోట్లు దాటితే కేంద్ర విద్యుత్ శాఖ ఆమోదం కావాలి. ఆ తర్వాత గెజిట్‌లో పథకం పేరు, బిడ్ నడిపే సంస్థ పేరు వస్తాయి. ఆ సంస్థ దాదాపు ఎప్పుడూ రెండిట్లో ఒకటి: ఆర్‌ఈసీ పవర్ డెవలప్‌మెంట్ అండ్ కన్సల్టెన్సీ లేదా పీఎఫ్‌సీ కన్సల్టింగ్. వాళ్లు ముందుగా ఆ లైన్ కోసమే ఒక చిన్న కంపెనీ పెడతారు, దాన్నే ఎస్‌పీవీ అంటారు. వరోరా-కర్నూలు ట్రాన్స్‌మిషన్ లిమిటెడ్ అని విన్నారే, అలాంటిది. చివర్లో గెలిచినవాళ్లు కొనేది ఈ కంపెనీనే. కాబట్టి ఈ రెండు సంస్థల వెబ్‌సైట్లు వారానికోసారి చూసే మనిషి మీ ఆఫీసులో ఒకరు ఉండాలి.

ఆర్‌ఎఫ్‌పీ, అంటే షరతులన్నీ ఉండే టెండర్ పత్రం, విడుదలైతే కొనాలి, ఫీజు 5 లక్షలు, జీఎస్‌టీ అదనం, తిరిగి రాదు. దాంతోపాటే బిడ్లు ఆన్‌లైన్‌లో వేసే ఎంఎస్‌టీసీ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, డిజిటల్ సంతకం సిద్ధం చేసుకోండి. ఇవి చివరి రోజుకు పెట్టుకుంటే టెన్షన్ తప్ప ఏమీ ఉండదు.

ఇక జట్టు సంగతి. ఇక్కడ నిదానంగా చదవండి. అర్హతలు రెండు రకాలు. సాంకేతిక అర్హత అంటే గత ఐదేళ్లలో మౌలిక సదుపాయాల రంగంలో ఆర్‌ఎఫ్‌పీలో చెప్పిన మొత్తానికి తగ్గకుండా ప్రాజెక్టులు చేసి ఉండాలి, ఒక్కో ప్రాజెక్టుకూ కనీస పరిమితి ఉంటుంది. గమనించండి, మౌలిక సదుపాయాల రంగం అన్నారు, ట్రాన్స్‌మిషనే అనలేదు. ఇది జట్టులో ఒకరికి ఉన్నా సరే, అందరిదీ కలిపి చూపించినా సరే. రెండోది నెట్‌వర్త్, అంటే అప్పులు పోను కంపెనీకి మిగిలే సొంత విలువ. ఇది మాత్రం ఎవరి వాటాకు తగ్గట్టు వాళ్లు చూపించాలి. 40 శాతం వాటా తీసుకుంటానన్నవాళ్లు, అడిగిన నెట్‌వర్త్‌లో 40 శాతం తమ సొంత లెక్కల్లో, అంటే గ్రూపు కంపెనీలన్నీ కలిపిన లెక్కలు కాకుండా, చూపించగలగాలి. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఏ ఒక్కదాన్నైనా తీసుకోవచ్చు. మాతృ సంస్థ బలం చూపించి వెళ్లే వెసులుబాటు ఉంది కానీ అప్పుడు ఆ సంస్థ బోర్డు తీర్మానం, హామీ పత్రం కూడా జత చేయాలి.

జట్టు ఒప్పందంలో ఒకరు లీడ్ మెంబర్. మిగతావాళ్లలో ఎవరైనా తమ వంతు పెట్టుబడి పెట్టకుండా చేతులెత్తేస్తే బాధ్యత లీడ్ మెంబర్ నెత్తిమీదే పడుతుంది. ఆర్‌ఎఫ్‌పీతో వచ్చే నమూనాలో ఈ వాక్యం ఉంటుంది, దాన్ని మార్చడానికి లేదు. కాబట్టి మీ ఇద్దరి మధ్య విడిగా ఇంకో ఒప్పందం రాసుకోండి: డబ్బు ఏ దశలో ఎంత, ఖర్చు పెరిగితే ఎవరు ఎంత అదనంగా పెట్టాలి, పెట్టలేకపోతే వాటా ఎంత కరిగిపోతుంది, అప్పు కోసం బ్యాంకు అడిగే గ్యారంటీ ఎవరిస్తారు. ఇవి మాట్లాడుకోవడానికి మొహమాటపడేవాళ్లతో 35 ఏళ్ల వ్యాపారం పెట్టుకోకండి. ఒక కంపెనీ ఒకే బిడ్‌లో ఉండాలి, దాని అనుబంధ సంస్థ వేరే జట్టులో కనిపించినా ఇబ్బందే. బిడ్ వేశాక జట్టులో మనుషులను మార్చుకోవడం కుదరదు. గెలిచాక కూడా, లైన్ నడక మొదలై ఆర్‌ఎఫ్‌పీలో రాసిన కాలం గడిచేదాకా, మీ జట్టు ఉమ్మడి వాటా 51 శాతం కంటే తగ్గకూడదు.

వరోరా-కర్నూలు లైన్ ఇందుకు మంచి పాఠం. మహారాష్ట్ర నుంచి వరంగల్, హైదరాబాద్, చిలకలూరిపేట, కర్నూలు దాకా సాగే 765 కేవీ పని అది. 2016లో ఎస్సెల్ గ్రూపు చేతికి వెళ్లింది. 2021లో అదానీ ట్రాన్స్‌మిషన్ దాన్ని కొనుక్కుని 2023లో పూర్తి చేసింది. మొదటి యజమాని దగ్గర డబ్బు సులువుగా ఆడకపోతే లైన్ ఎన్నేళ్లు ఆగుతుందో ఆ తేదీలే చెబుతాయి.

బిడ్‌లో రెండు కవర్లు, రెండూ ఆన్‌లైన్‌లోనే. సాంకేతిక కవర్‌లో జట్టు ఒప్పందం, పవర్ ఆఫ్ అటార్నీ, బోర్డు తీర్మానాలు, ఆడిటర్ ధృవపత్రాలు, బిడ్ బాండ్‌గా, అంటే వేసిన బిడ్‌కు కట్టుబడి ఉంటామనే పూచీగా బ్యాంక్ గ్యారంటీ. బ్యాంక్ గ్యారంటీ నమూనా ఒక్క పదం తేడా లేకుండా ఉండాలని మీ బ్యాంకు మేనేజర్‌కు ముందే గట్టిగా చెప్పండి, ఎందుకంటే వాళ్లకు తమ సొంత నమూనా మీదే మమకారం. అర్థం కానివి ప్రీ-బిడ్ సమావేశంలో రాతపూర్వకంగా అడగండి, నోటిమాట జవాబులు తర్వాత లెక్కలోకి రావు.

ఆర్థిక కవర్‌లో ఒక్కటే అంకె. ఏడాదికి ఎంత ట్రాన్స్‌మిషన్ చార్జీ కావాలో చెప్పాలి, అదే అంకె 35 ఏళ్లకూ. ఆ తర్వాత లైన్‌ను అప్పగించేయాలి. ధరలు పెరిగాయని మధ్యలో పెంచమనడం కుదరదు, చట్టం మారిన సందర్భాల్లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. కవర్లు తెరిచాక తక్కువ అడిగిన వరసలో పై సగం మంది లేదా నలుగురు, ఏది ఎక్కువైతే అంతమంది, ఈ-రివర్స్ వేలానికి, అంటే ఆన్‌లైన్‌లో ధర తగ్గించుకుంటూ పోయే వేలానికి వెళ్తారు. వచ్చిన ఆఫర్లలో అతి తక్కువదే వేలానికి పై హద్దు. ఎంతవరకు దిగాలో జట్టు ముందు రోజే సంతకాలు పెట్టి తేల్చుకోవాలి. వేలం నడుస్తుండగా ఫోన్లలో బేరాలాడుకునే జట్టు గెలిచినా బాగుపడదు.

ఆ అంకె రాసేముందు లైన్ వెళ్లే దారిలో తిరిగి రండి. బిడ్ సంస్థ సర్వే నివేదిక ఇస్తుంది, కానీ దాని మీద భరోసా పెట్టుకోవద్దని ఆర్‌ఎఫ్‌పీలోనే రాసి ఉంటుంది. ఊరికి వెళ్లి చూస్తే ఏ సర్వే నంబరులో వెంచర్ వేశారో, ఎక్కడ బోరు కొత్తగా పడిందో, ఎవరి మామిడి తోట మధ్యలోంచి తీగలు పోతాయో కళ్లకు కడుతుంది. విద్యుత్ శాఖ 2024 జూన్ మార్గదర్శకాల ప్రకారం టవర్ కింద భూమికి విలువలో 200 శాతం, తీగల కింద కారిడార్‌కు గ్రామీణ ప్రాంతాల్లో 30 శాతం పరిహారం. టవర్ కింద అంటే నాలుగు కాళ్ల మధ్య స్థలం, దానికి నాలుగు వైపులా మీటరు చొప్పున అదనం. 2015 నాటి లెక్కలో ఇవి 85, 15 శాతాలే. విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద పొలాల్లో టవర్లు వేసే అధికారం వస్తుంది కదా అని రైతుతో మాట్లాడకుండా పోలీసులను వెంటేసుకుని వెళ్లే పద్ధతి నాకు ఏమాత్రం నచ్చదు. ఆ పొలం ఆయనది, టవర్ పడ్డాక ఆ మూల ట్రాక్టర్ తిప్పుకోలేక తరతరాలు ఇబ్బంది పడేదీ ఆయనే. పరిహారం సరిగ్గా లెక్కేసి అంకెలో కలపండి.

గెలిస్తే లెటర్ ఆఫ్ ఇంటెంట్ వస్తుంది. అక్కడి నుంచి పది రోజుల్లో పనితీరు గ్యారంటీ ఇవ్వాలి, ఎస్‌పీవీ షేర్లన్నీ జట్టు వాటాల ప్రకారం కొనాలి, ట్రాన్స్‌మిషన్ సర్వీస్ ఒప్పందం మీద సంతకం కావాలి. ఆ వెంటనే ఎస్‌పీవీ పేరుమీద కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ సీఈఆర్‌సీకి రెండు దరఖాస్తులు: లైసెన్సుకు ఒకటి, టారిఫ్ ఆమోదానికి ఒకటి. లైసెన్సు దరఖాస్తు పెట్టిన ఏడు రోజుల్లో ప్రకటన ఇవ్వాలని చట్టం. మన జిల్లాల్లో లైన్ అయితే తెలుగు పేపర్లోనూ వేయించండి, అభ్యంతరాలు ఉన్నవాళ్లు అప్పుడే చెబుతారు. లైసెన్సు 25 ఏళ్లకే ఇస్తారు, ఒప్పందం 35 ఏళ్లది, కాబట్టి గడువు ముగిసేముందు మళ్లీ దరఖాస్తు చేసుకోవాలని ఫైల్ మొదటి పేజీలోనే రాసిపెట్టండి.

జట్టు కట్టేంత స్తోమత లేదు, అయినా లైన్‌లో వాటా ఉండాలి అనేవాళ్లకు ఇన్విట్ యూనిట్లు ఉన్నాయి. ఇన్విట్ అంటే మదుపర్ల డబ్బు పోగుచేసి ఇలాంటి లైన్ల కంపెనీల్లో పెట్టే ట్రస్టు. 2021లో మార్కెట్‌కు వచ్చిన పవర్‌గ్రిడ్ ఇన్విట్ మొదట ఐదు కంపెనీల్లో 74 శాతం చొప్పున తీసుకుంది, అందులో వైజాగ్ ట్రాన్స్‌మిషన్ ఒకటి. శ్రీకాకుళం-వేమగిరి, ఖమ్మం-నాగార్జునసాగర్ లైన్లు దానివే. షేర్ల లాగే యూనిట్ల ధర కూడా పెరుగుతుంది, పడుతుంది. కొనడానికి డీమ్యాట్ ఖాతా చాలు.