పెట్రోలు ట్యాంకు విప్పే ముందు: పాత కారులో పంపు, రిలే పరీక్షకు జాగ్రత్తలు

సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుంది గానీ అందుకోదు. పాత కారు ఇలా మొరాయిస్తే చాలామంది అనుమానం ముందుగా ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు తోసే పంపు మీదికే పోతుంది, వెంటనే ట్యాంకు విప్పడానికి సిద్ధపడతారు. నిజానికి అది చివర చేయాల్సిన పని. పంపుకు కరెంటు అందుతోందా లేదా అన్నది ముందు తేలాలి. అది తేల్చడానికి పెట్రోలు ఒక్క చుక్క కూడా బయటికి రానక్కర్లేదు.

చోటు సంగతి మొదట చూసుకోండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేలను అంటుకుని పాకి, గుంటల్లో నిలుస్తుంది. సుమారు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి పుడుతుంది కాబట్టి చల్లగా ఉందని ధీమా పడకూడదు. మూసిన గ్యారేజీలో కాకుండా ఆరుబయట పని చేయండి. ఫిలమెంటు బల్బు వాడకండి. అది పగిలితే కాలుతున్న తీగ బయటపడుతుంది. ఎల్ఈడీ టార్చి చాలు. పొడి రసాయనపు అగ్నిమాపక సిలిండరు చేతికి అందేంత దూరంలో ఉండాలి. నీళ్ల బకెట్టును నమ్ముకోవద్దు, పెట్రోలు నీటిమీద తేలి మంటను ఇంకా దూరం మోసుకుపోతుంది. ఉంగరాలు, లోహపు గడియారం తీసి పక్కన పెట్టండి.

ఇప్పుడు చెవికి పని చెప్పండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, ఒకరు తాళం తిప్పితే మరొకరు వెనక సీటు దగ్గర వినాలి. ఇంజెక్షన్ కార్లలో చాలావాటికి సెల్ఫ్ కొట్టకముందే రెండు మూడు సెకన్లు సన్నని మోత వస్తుంది. కొన్ని పాత రకాల్లో ఇంజను తిరిగితేనే పంపు కదులుతుంది, కాబట్టి సెల్ఫ్ కొడుతూ కూడా వినండి. కార్బ్యురేటర్ కార్లలో ఎక్కువవాటికి పంపు ఇంజను మీదే ఉంటుంది. దానికి రిలేతో, అంటే పంపుకు కరెంటును కలిపే, ఆపే విద్యుత్ స్విచ్చితో, పని లేదు.

మోత రాకపోతే ముందు ఫ్యూజు చూడండి. కాలితే అదే ఆంపియరుది వేయండి. మళ్లీ కాలితే పెద్దది వేయడం మహా ప్రమాదం. ఫ్యూజు కాపాడేది పంపును కాదు, ట్యాంకు దాకా వెళ్లే వైరును.

తర్వాత రిలే. నన్ను ఒకసారి నిలువునా మోసం చేసింది దాని టిక్ శబ్దమే. టిక్ మంటోంది కదా, రిలే బాగుందనుకుని పంపు మార్చాను. కొత్త పంపూ తిరగలేదు. ఆ శబ్దం 85, 86 పిన్నుల మధ్య ఉన్న కాయిల్ (కరెంటు పారితే అయస్కాంతమయ్యే తీగచుట్ట) లాగుతోందని మాత్రమే చెబుతుంది. పంపుకు కరెంటు పంపేది 30, 87 పిన్నుల మధ్య ఉండే కాంటాక్టులు. అవి మాడిపోయినా టిక్ వినిపిస్తూనే ఉంటుంది. లోపలి సోల్డరు చీలితే ఇంకో చిక్కు: చల్లగా ఉన్నప్పుడు పనిచేస్తుంది, వేడెక్కితే ఆగుతుంది, అరగంట ఆగితే మళ్లీ స్టార్టవుతుంది. అందుకే లోపం కనబడుతున్న ఆ సమయంలోనే పరీక్షించాలి. హారన్‌ది అచ్చం అదే రిలే అయితే మార్చి చూడవచ్చు. ఆకారం కలిస్తే సరిపోదు, మూత మీది పిన్నుల బొమ్మ కూడా కలవాలి.

రిలే తీసి 30, 87 చోట్లను వైరుతో కలిపి పంపును తిప్పి చూడటం మంచి పరీక్షే. అయితే పాత గొట్టాల్లోకి ఒక్కసారిగా ఒత్తిడి వస్తుంది గనుక ముందు కారు కింద తడి గానీ వాసన గానీ లేదని చూసుకోండి. వైరులో ఫ్యూజు ఉండాలి. పరీక్ష కొన్ని క్షణాలకు మించకూడదు. ఆ వైరును అలాగే వదిలేసి కారు నడిపేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. ప్రమాదం జరిగి ఇంజను ఆగినా పంపు ఆగదు. తెగిన గొట్టంలోంచి పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది.

పంపు దగ్గర వోల్టేజి చూసేటప్పుడు మీటరు క్లిప్పులు ముందే పెట్టి, ఆ తర్వాత తాళం తిప్పండి. అక్కడ నిప్పురవ్వ పుట్టకూడదు. కనెక్టరు ఊడదీసి కొలిస్తే కుళ్లిన వైరు కూడా 12 వోల్టులు చూపిస్తుంది. అది తగిలించి ఉండగా కొలవండి. బ్యాటరీకన్నా ఒక వోల్టు కంటే ఎక్కువ తగ్గితే వైరునో, ఎర్తునో అనుమానించాలి.

కరెంటు సరిగా అందుతున్నా పంపు కదలనప్పుడే ట్యాంకు వైపు వెళ్లండి. ఇంజెక్షన్ గొట్టాల్లో సుమారు 3 బార్ల ఒత్తిడి ఉంటుంది, బండి ఆపినా కొంతసేపు నిలిచే ఉంటుంది. ఇంజను చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, జాయింటు చుట్టూ గుడ్డ చుట్టి మెల్లగా వదులు చేయండి. తడిసిన గుడ్డను ఆరుబయటే ఉంచండి.

అన్నీ బిగించాక వెంటనే సెల్ఫ్ కొట్టవద్దు. తాళం రెండు మూడుసార్లు ఆన్ చేసి ఆపుతూ ప్రతి జాయింటునూ టార్చితో చూడండి. ఒక్క చుక్క కనిపించినా తాళం తీసేసి, ఆ జాయింటు సరిచేశాకే ఇంజను సంగతి.