పెట్రోల్ బంకులో వీఆర్‌ఎస్ తనిఖీ: అధికారి రాకముందే చూసుకోవాల్సినవి

వీఆర్‌ఎస్ అంటే వేపర్ రికవరీ సిస్టమ్, పెట్రోలు ఆవిరి గాలిలో కలవకుండా పట్టి వెనక్కి పంపే ఏర్పాటు. ముందు మీ బంకు ఈ నిబంధన కిందికి వస్తుందో లేదో తేల్చుకోండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరి 7న మార్గదర్శకాలు ఇచ్చింది. లక్షకు పైగా జనాభా ఉన్న పట్టణంలో కొత్తగా పెట్టే బంకుకు నెలకు 300 కిలోలీటర్ల పెట్రోలు అమ్మే అవకాశం ఉంటే వీఆర్‌ఎస్ పెట్టాల్సిందే. అంటే రోజుకు 10 వేల లీటర్లు. ఈ లెక్క పెట్రోలుదే, డీజిల్ కలపొద్దు. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, మిర్యాలగూడ 2011 జనాభా లెక్కల్లోనే లక్ష దాటాయి. 65వ నంబరు జాతీయ రహదారి మీద పల్లెల దగ్గర లారీలకు డీజిల్ పోసే బంకు ఎంత పెద్దదైనా ఇందులోకి రాదు. పాత బంకులకు వేరే ఆదేశాలు, గడువులు ఉన్నాయి. మీకు ఏది వర్తిస్తుందో ఆయిల్ కంపెనీ సేల్స్ ఆఫీసరును అడిగి కాగితం మీద తీసుకోండి, నోటిమాట తనిఖీలో పనికిరాదు.

వీఆర్‌ఎస్ పెట్టకపోతే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పర్యావరణ పరిహారం వసూలు చేస్తుంది. అది ఆ పరికరం ఖర్చుతో సమానం, ఆలస్యమైన కొద్దీ పెరుగుతుంది. పెసో, అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ, వాళ్లది వేరే దారి. పెట్రోలియం రూల్స్ 2002 కింద లైసెన్సు ఇచ్చేదీ, భద్రత చూసేదీ వాళ్లే. ఒకరు ఓకే అన్నారని రెండోవారు వదిలిపెట్టరు.

బిగించి వదిలేసిన వీఆర్‌ఎస్ ఎక్కువగా తప్పేది ట్యాంకరు దింపేటప్పుడే. 12 కిలోలీటర్ల పెట్రోలు భూగర్భ ట్యాంకులోకి దిగితే, లోపలున్న 12 వేల లీటర్ల ఆవిరి, గాలి బయటికి రావాలి కదా. ఆవిరి గొట్టం పెడితే అది ట్యాంకరులోకి తిరిగి పోతుంది, పెట్టకపోతే ట్యాంకు గాలి పీల్చి వదిలే వెంట్ పైపు గుండా వీధిలోకి పోతుంది. మే నెల ఎండలో కాగిన ట్యాంకరు వచ్చినప్పుడు చుట్టుపక్కల వాసన గుప్పుమనేది అందుకే. దింపే క్రమం ఇదీ:

బండి ఆపాక చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, ఎర్తింగ్ క్లిప్పు తగిలించండి. ట్యాంకులో ఎంత ఖాళీ ఉందో డిప్ రాడ్‌తో కొలిచి, వచ్చిన సరుకు పడుతుందని తేల్చుకోండి. తర్వాత ఆవిరి గొట్టాన్ని ముందు ట్యాంకరుకు, ఆ తర్వాతే భూగర్భ ట్యాంకుకు తగిలించండి. తిరగేసి చేస్తే భూగర్భ ట్యాంకు దగ్గరి వాల్వు తెరుచుకుని, ఆవిరి గొట్టం రెండో కొస నుంచి మనిషి ముఖానికి కొడుతుంది. ఆ తర్వాత పెట్రోలు గొట్టం. విప్పేటప్పుడు ఆవిరి గొట్టాన్ని ముందు భూగర్భ ట్యాంకు వైపు విప్పాలి.

గొట్టం పెట్టినా ఫలితం లేకుండా చేసేది ట్యాంకరు పైన ఉండే డోమ్ మూత. పైకెక్కి సరుకు చూసుకున్నాక మూత బిగించకుండా దిగితే, ట్యాంకరు ఆవిరిని లాక్కోదు, పైనుంచి గాలి పీలుస్తుంది. ఆవిరి ఎప్పటిలాగే వెంట్ పైపు దారి పడుతుంది. డ్రైవరు తొందరలో ఉంటాడు, అందుకని మూత బిగించింది చూసే బాధ్యత మీ మనిషి ఒకరికి అప్పగించండి.

వెంట్ పైపు నేల నుంచి కనీసం 4 మీటర్లు ఉండాలి. పెట్రోలు వెంటుకు పీవీ వాల్వు ఉంటుంది. ట్యాంకులో ఒత్తిడి పెరిగినా, శూన్యం ఏర్పడినా మాత్రమే అది తెరుచుకోవాలి. దుమ్ముకో, కందిరీగ గూడుకో తెరిచి ఇరుక్కుంటే రోజంతా ఆవిరి పోతూనే ఉంటుంది. మూసి ఇరుక్కుంటే ట్యాంకు గాలి పీల్చలేదు, పంపు మందగిస్తుంది. వాల్వు బదులు మామూలు మూత పెట్టి సరిపెట్టడం తనిఖీలో ఇట్టే పట్టుబడుతుంది. పైకి చూస్తే తెలిసిపోతుంది.

ఇక నాజిల్ సంగతి. వీఆర్‌ఎస్ నాజిల్ ముక్కు చుట్టూ చిన్న రంధ్రాలుంటాయి, వాటిలోంచి డిస్పెన్సరులోని వాక్యూమ్ పంపు ఆవిరిని లాగి, జంట గొట్టం గుండా ట్యాంకుకు పంపుతుంది. ఇక్కడ చూడాల్సింది ఒకటే: పోసిన పెట్రోలుకూ, లాగిన ఆవిరికీ నిష్పత్తి. యూరప్ ప్రమాణం 95 నుంచి 105 శాతం. అంటే 20 లీటర్లు పోస్తే ఆవిరి కొలిచే గ్యాస్ మీటరు 19 నుంచి 21 లీటర్ల మధ్య చూపించాలి. తగ్గితే నాజిల్ దగ్గర వాసన. ఎక్కువైతే మంచిదే అనుకుంటారు, అది పొరపాటు. మంచి గాలి ట్యాంకులోకి పోయి ఇంకాస్త పెట్రోలు ఆవిరవుతుంది, చివరికి అది వెంట్ నుంచే బయటపడుతుంది.

నిష్పత్తి తగ్గిపోవడానికి తరచూ కనిపించే కారణాలు: చిరిగిన లోపలి గొట్టం, రంధ్రాల్లో మురికి, అరిగిన పంపు, ఆవిరి లైనులో నిలిచిన పెట్రోలు. చివరిది మొదట లైను వేసినప్పుడు చేసిన తప్పు. లైను ట్యాంకు వైపు వాలుగా పోవాలి, నడుమ కుంగితే అక్కడ ద్రవం నిలిచి దారి మూస్తుంది. ఇంటర్‌లాకింగ్ రాళ్లు కుంగిన చోట ముందు అనుమానించండి.

ఆటో కట్ అయ్యాక కూడా రౌండ్ ఫిగర్ కోసం మళ్లీ మళ్లీ నొక్కే అలవాటు మాన్పించండి. పైకి పొంగిన పెట్రోలును ఆ రంధ్రాలే పీల్చి ట్యాంకుకు పంపేస్తాయి. కస్టమర్ డబ్బులిచ్చిన పెట్రోలు మీ ట్యాంకులోకి పోయినట్టే. అప్పుడు ఫిర్యాదు తూనికలు, కొలతల శాఖకు పోతుంది. వాళ్లు 5 లీటర్ల కొలపాత్రతో చూస్తారు, 25 మిల్లీలీటర్లకు మించి తగ్గితే పట్టుకుంటారు. వాక్యూమ్ పంపు రిపేరులో మీటరు సీలు తెగితే, మళ్లీ ముద్ర వేయించే దాకా ఆ నాజిల్ నుంచి అమ్మకాలు ఆపండి.

కాలుష్య నియంత్రణ మండలి అధికారికి లోపలికి వచ్చి చూసే అధికారం 1981 నాటి వాయు చట్టం 24వ సెక్షన్ ఇస్తుంది. అడ్డుకోవడం కూడా చట్టవిరుద్ధమే. చూపించాల్సిన కాగితాలు ఒకే ఫైలులో పెట్టండి: పెసో లైసెన్సు, ఆమోదించిన లేఅవుట్ ప్లాను, వీఆర్‌ఎస్ బిగించిన సర్టిఫికెట్, నిష్పత్తి పరీక్ష ఫలితాలు నాజిల్ వారీగా, రిపేరు రిజిస్టరు, నెలవారీ పెట్రోలు అమ్మకాలు. ట్యాంకరు వచ్చినప్పుడల్లా "గొట్టం తగిలించాం, మూత బిగించాం" అని డ్రైవరు సంతకంతో రాయిస్తే ఆ రిజిస్టరుకు విలువ వస్తుంది. ఒకే పెన్నుతో ఒకే రోజు నెలంతా నింపిన రిజిస్టరు చూడగానే తెలిసిపోతుంది. ఏదైనా నాజిల్ పనిచేయకపోతే దాచొద్దు. దాని మీద బోర్డు పెట్టి, కంపెనీకి పంపిన ఫిర్యాదు నంబరు రిజిస్టరులో చూపండి.

బంకు పక్కన ఉండే వాళ్లు ఫిర్యాదు చేయాలంటే నల్లగొండ జిల్లాలో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాయవచ్చు, లేదా తెలంగాణలో ఏ జిల్లాలోనైనా సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో ఇవ్వవచ్చు. "వాసన వస్తోంది" అని మాత్రమే రాస్తే పని జరగదు. తేదీ, సమయం, ట్యాంకరు నంబరు, ఆవిరి గొట్టం కనిపించిందా లేదా, డోమ్ మూత తెరిచి ఉందా, ఇవి రాయండి. ఫొటో తీయాలంటే బంకు ఆవరణ బయటి నుంచే తీయండి.