బండి వేట, నాలుగో పాఠం: 'ఓపెన్ నౌ' నొక్కితే బండి మాయం

వీధి పక్కన తిండి అమ్మే బండ్లను ఫోన్లో, అంటే మ్యాపులోనూ వ్యాపారుల వివరాలుండే ఆన్‌లైన్ డైరెక్టరీల్లోనూ వెతకమని మూడో పాఠంలో చెప్పాను. ఆ తర్వాత వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒకటే. "సార్, కడపలో పానీపూరీ బండి ఎక్కడుందో చూద్దామని డైరెక్టరీ తెరిస్తే నంబరు అడిగింది, ఇచ్చాను. ఇప్పుడు కేటరింగ్ వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. ఎంతమందికి భోజనాలు, ఏ ఫంక్షన్ హాలు అంటున్నారు." ఒకామెకు పెళ్ళి మండపం అలంకరించేవాళ్ళు కూడా చేశారట.

వెతకమన్నాను గానీ అడిగిన చోటల్లా నంబరు ఇమ్మని నేను చెప్పలేదు. కొన్ని డైరెక్టరీల వ్యాపారమే అది. మీరు నంబరు ఇస్తే అది 'ఎంక్వైరీ' కింద లెక్క. ఆ ఎంక్వైరీ డబ్బు కట్టిన వ్యాపారులకు వెళ్తుంది. పానీపూరీ బండాయన డబ్బు కట్టడు, కేటరింగ్ వాళ్ళు కడతారు. అందుకే మీరు పానీపూరీ అడిగితే వాళ్ళు పలుకుతారు. 'ధర తెలుసుకోండి', 'కోట్ పొందండి' లాంటి బటన్ల జోలికి పోకండి. లాగిన్ అయితేనే చూపిస్తానంటే వెనక్కి వచ్చేయండి. ఇప్పటికే ఇచ్చినవాళ్ళు, ఫోన్ వచ్చినప్పుడు కట్ చేయకుండా "నాకేమీ అక్కర్లేదు, నంబరు తీసేయండి" అని ఒక్కమాట చెప్పండి. దాంతోపాటు 1909కి ఫోన్ చేసి డీఎన్‌డీ (అక్కర్లేని వ్యాపార ఫోన్లు రాకుండా ఆపేది) పెట్టించుకోండి.

మ్యాప్ తెరవడం, జూమ్ చేయడం చెప్పను, అవి మీకు వచ్చు. ఊరి పేరు దగ్గర తడబడినవాళ్ళకు మాత్రం నా అడ్డదారి ఒకటి చెప్తాను. కడప ఇంగ్లీషు స్పెల్లింగ్ 2005లో మారినా పాత ఎంట్రీలు పాత స్పెల్లింగ్‌తోనే ఉన్నాయి. అనంతపురానికైతే ఎవరి స్పెల్లింగ్ వాళ్ళదే. నేను ఊరి పేరే కొట్టను, పిన్‌కోడ్ కొడతాను. కడప 516001, అనంతపురం 515001, కర్నూలు 518001. అక్కడ దొరక్కపోతే చివరి అంకె మార్చి చూడండి.

కేటగిరీ కూడా చూసుకోవాలి. 'ఫాస్ట్ ఫుడ్' అంటే మన దగ్గర నూడుల్స్, ఎగ్ రైస్ బండి, అది సాయంత్రం సంగతి. దోశ, ఉగ్గాని (నానబెట్టిన బొరుగులతో చేసే టిఫిన్) కావాలంటే 'టిఫిన్ సెంటర్' అని కొట్టాలి. 'స్ట్రీట్ ఫుడ్' అని కొడితే మాత్రం వీధిలో లేనివన్నీ వస్తాయి.

ఇక అసలు తంటా. పొద్దున ఏడుకి మీకు ఉగ్గాని, బజ్జి తినాలనిపించింది. 'ఉగ్గాని' అని కొట్టి, ఆపైన తెలివిగా 'ఓపెన్ నౌ' అన్న ఫిల్టర్ నొక్కుతారు. రెండు ఏసీ హోటళ్ళు, ఒక బేకరీ వస్తాయి. "కర్నూల్లో ఉగ్గాని ఎక్కడా లేదండీ" అని నాకు రాస్తారు. కర్నూల్లో ఉగ్గాని లేదట!

ఆ ఫిల్టర్ చేసే పని ఇది. ఎవరి వేళలు నింపి ఉన్నాయో వాళ్ళనే చూస్తుంది. వేళల గడి ఖాళీగా ఉంటే ఆ చోటు తెరిచుందా మూసుందా అన్న ఆలోచనే దానికి లేదు, జాబితాలోంచి నేరుగా తీసేస్తుంది. బండి ఎంట్రీ చాలాసార్లు బండాయన పెట్టింది కాదు. తిని సంతోషించిన కుర్రాడెవడో పేరు, ఒక ఫొటో పెట్టి వదిలేసి ఉంటాడు. వేళలు ఎవరూ నింపరు. అంటే మీరు దేనికోసం వెతుకుతున్నారో సరిగ్గా దాన్నే ఆ ఫిల్టర్ దాచేస్తుంది. హోటల్ కోసమైతే నొక్కండి, మందుల షాపు కోసమైతే తప్పక నొక్కండి. బండి కోసం నొక్కకండి. మూడో పాఠంలో నొక్కినవాళ్ళు ఇప్పుడు తీసేసి మళ్ళీ వెతకండి, తేడా మీకే కనిపిస్తుంది.

'24 గంటలూ తెరిచి ఉంటుంది' అన్న మాటనూ నమ్మకండి. దోశల బండి 24 గంటలూ ఉంటే పెనం ఎప్పుడు కడుగుతారు? ఫారం తొందరగా ముగించడానికి ఎవరో ఆ టిక్కు పెట్టేశారు, అంతే.

మరి వేళ ఎలా తెలుస్తుంది? ఫొటో చూడండి. బండికి బల్బు వేలాడి వెలుగుతుంటే అది సాయంత్రం బండి. వెనక షాపు షట్టర్ దించి ఉండి, నేల మీద నీడ పొడుగ్గా పడితే పొద్దుటి బండి. మూసి ఉన్న షాపు ముందు పెట్టుకుని, షాపు తెరిచేలోపు సర్దుకుని పోయేవాళ్ళు వీళ్ళు. అలాంటి బండికి పదిన్నరకు వెళ్తే అక్కడ చెప్పుల షాపే కనిపిస్తుంది. రివ్యూలను 'కొత్తవి ముందు' అని పెట్టుకుని పైవి నాలుగు చదవండి. నక్షత్రాలు నేను చూడను. కారం దోశ ఫొటోలో ఎర్రకారం కనపడకపోతే మాత్రం ఆ ఎంట్రీ అక్కడికక్కడే వదిలేస్తాను.

అసలు ఎంట్రీయే లేని బండ్లు ఇంకా ఎక్కువ. వాటికోసం బండిని కాదు, దాని పక్కనున్నదాన్ని వెతకండి. కడపలో కోటిరెడ్డి సర్కిల్ తెరిచి, చుట్టుపక్కల సెల్ షాపులు, మెడికల్ షాపులు ఒక్కొక్కటే నొక్కి వాటి ఫొటోలు చూడండి. షాపాయన తన బోర్డు కోసం తీసిన ఫొటోలో ఒక మూల చక్రం, నీలం టార్పాలిన్, బజ్జీల మూకుడు పడి ఉంటాయి. అనంతపురంలో టవర్ క్లాక్, ఆర్ట్స్ కాలేజీ గేటు, కర్నూల్లో కొండారెడ్డి బురుజు ఫొటోలు తెరిచి, మధ్యలో ఉన్నదాన్ని వదిలి అంచులు చూడండి.

అభ్యాసం. మీరు రోజూ తిరగని సర్కిల్ ఒకటి తీసుకోండి. ఇంట్లో కూర్చునే ఐదు బండ్ల జాబితా రాయండి: ఏం అమ్ముతారు, ఏ పూట, పక్కన ఏముంది. తర్వాత పొద్దున ఏడుకి ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి నడిచి వెళ్ళి సరిచూసుకోండి. బండి దగ్గర నిలబడి గూగుల్ మ్యాప్స్‌లో ఆ చోటును వేలితో నొక్కి పట్టుకుంటే పిన్ను పడుతుంది, దాని కింద ప్లస్ కోడ్, అంటే ఆ చోటును గుర్తించే అక్షరాలూ అంకెలూ ఉంటాయి. డోర్ నంబరు లేని బండికి అదే చిరునామా, రాసుకోండి. ఏదైనా కొని తిన్నాకే వేళలు, సెలవు రోజు అడగండి. ఆయన సరేనంటే ఆ ఖాళీ గడి మీరే నింపండి.

బండి చోటు మార్చాక పాత పిన్నును సరిదిద్దడం ఐదో పాఠంలో. ఈ ఐదు బండ్ల జాబితా చేతిలో లేనివాళ్ళకు ఆ పాఠం అర్థం కాదు.