సెల్ఫ్ పోర్ట్రెయిట్ పాఠాలు – 4: మొహంతో నటించకండి

పోయిన పాఠంలో కిటికీ పక్కన కూర్చుని, ఒక పక్క నుంచే వెలుతురు పడేలా మీ ఫొటో మీరే తీసుకోమన్నాను. మీరు పంపినవన్నీ చూశాను. ఈసారి చేతుల గురించి చెప్పాలనుకున్నాను గానీ, రెండు విషయాలు తేలకుండా ముందుకెళ్లి లాభం లేదు. ఒకటి, దాదాపు అందరి గదీ బూడిద రంగులో వచ్చింది. నీడ ఉండాల్సిన చోట నీడ లేదు. రెండు, అడగకపోయినా అందరూ దిగులు మొహం పెట్టారు. గడ్డం కిందికి, చూపు నేల మీదికి. సినిమా పోస్టర్లు చూసి చూసి మనకు అబ్బిన దిగులు అది.

ముందు బూడిద సంగతి. ట్యూబ్‌లైటు ఆపలేదా అని కొందరిని అడిగాను, ఆపామన్నారు. అయితే తప్పు ఫోన్‌దే. దీన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మంచి ఫొటోలు ఎక్కువగా ఇక్కడే చెడిపోతున్నాయి.

కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకు తన ముందున్నది ఏమిటో తెలియదు. ఎదురుగా ఉన్నదంతా కలిపి, సగటున మధ్యరకం బూడిద రంగంత వెలుగు వచ్చేలా లెక్క వేస్తుంది. నల్ల దుప్పటి చూపించినా అదే లెక్క, తెల్ల పంచె చూపించినా అదే లెక్క. అందుకే నల్ల దుప్పటి వెలిసిపోయినట్టు, తెల్ల పంచె మాసిపోయినట్టు వస్తాయి. ఇప్పటి ఫోన్లు ఇంకో అడుగు ముందుకేసి మొహాన్ని గుర్తుపడతాయి. అది చీకట్లో ఉంటే వెలిగిస్తాయి, నీడలను పలచన చేస్తాయి. చాలా ఫోన్లలో చర్మాన్ని నున్నగా చేసే బ్యూటీ మోడ్ కూడా అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది. మీరు సాయంత్రం దాకా కాచుకుని పట్టుకున్న చీకటిని ఫోన్ లోపంగా భావించి సరిదిద్దేస్తుంది. మీ భావమంతా ఆ చీకట్లోనే ఉందని దానికెలా తెలుస్తుంది?

కాబట్టి వెనక కెమెరా వాడండి. బ్యూటీ, నైట్ మోడ్ రెండూ ఆపండి. మీరు కూర్చునే చోట ఒక దిండు నిలబెట్టి, స్క్రీన్ మీద ఆ దిండును వేలితో కాసేపు నొక్కిపట్టండి. లాక్ అన్న మాటో తాళం గుర్తో వస్తుంది. పక్కనే చిన్న సూర్యుడి బొమ్మ ఉంటుంది, దాన్ని కిందికి లాగండి. మీ కంటికి గది ఎంత చీకటిగా ఉందో స్క్రీన్ మీద కూడా అంతే చీకటి వచ్చేదాకా లాగండి. భయపడి సగంలో ఆపొద్దు. కెమెరా ఉన్నవాళ్లు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను, అంటే ఫొటో వెలుగును పెంచే తగ్గించే ప్లస్-మైనస్ సెట్టింగును, మైనస్ ఒకటి నుంచి మైనస్ రెండు దాకా తగ్గించి చూడండి. తర్వాత దిండు తీసేసి, పది సెకన్ల టైమరు నొక్కి, అదే దూరంలో కూర్చోండి. ఫొటో తీశాక ఎడిటింగ్‌లో చీకటి చేసుకోవచ్చు కదా అని ఒకరు అడిగారు. చేసుకోవచ్చు. నేను చేయను. టైమరు నొక్కే ముందే స్క్రీన్ మీద ఆ చీకటి కనిపిస్తే మన ఒళ్లు కూడా దానికి తగ్గట్టు కుదురుకుంటుంది.

ఉత్తరం కిటికీలోంచి ఎప్పుడూ మెత్తటి వెలుతురే వస్తుందని చదివి, తీరా ఎండ పడిందని కంగారు పడ్డవాళ్లకు ఒక మాట. యూరప్ వాళ్లు రాసిన ఆ సూత్రం మనకు ఏడాదంతా పనిచేయదు. తిరుపతి, చిత్తూరు భూమధ్యరేఖకు బాగా దగ్గర. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరం వైపే ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరపు కిటికీకి పలచటి తెల్ల పంచె కట్టండి, సరిపోతుంది.

ఇక మొహం. 1862లో డ్యూషెన్ అనే ఫ్రెంచ్ డాక్టరు నవ్వును పరిశీలించి, మనసారా నవ్వినప్పుడు పెదాల దగ్గరి కండరాలతో పాటు కళ్ల చుట్టూ ఉన్నవి కూడా కదులుతాయని, వాటిని కావాలని కదిలించడం కష్టమని రాశాడు. పది సెకన్ల టైమరు ముందు ఆ నవ్వును పట్టి ఉంచగలమా? దిగులైనా అంతే. మూడో సెకనుకే అది బిగుసుకుపోతుంది.

ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తలో ఇపోలిట్ బయార్ అనే ఇంకో ఫ్రెంచ్ ఆయన ఉండేవాడు. కాగితం మీద నేరుగా ఫొటో తెప్పించే పద్ధతి కనిపెట్టాడు. పేరంతా అదే కాలంలో వేరే పద్ధతి కనిపెట్టిన డాగేర్‌కి వెళ్లింది, ప్రభుత్వ ఆదరణ కూడా ఆయనకే దక్కింది. బయార్‌కి ఒళ్లు మండింది. 1840లో నీళ్లలో మునిగి చచ్చిపోయినవాడిలా తన ఫొటో తానే తీసుకున్నాడు. ఒంటి మీద చొక్కా లేదు, నడుముకు గుడ్డ కప్పుకుని ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు, కళ్లు మూసుకున్నాడు. అప్పట్లో నిమిషాల తరబడి కదలకుండా ఉండాలి, కోపంగా మొహం పెట్టడం కుదిరే పనే కాదు. అయినా ఆ వాలిన తలలోనూ, ఒళ్లో పెట్టుకున్న చేతుల్లోనూ ఆయన కోపం ఈనాటికీ తెలుస్తోంది.

మన ఊరి ఉదాహరణ ఒకటి. తిరుపతి వాళ్లకు గుండు కొత్త కాదు. కల్యాణకట్టలో తలనీలాలిచ్చి, గుండుకి చందనం పూసుకుని నవ్వుతూ తీయించుకున్న ఫొటో మనలో చాలామంది ఇళ్లలో ఉంటుంది. మీలో ఒకావిడ, బిడ్డకు నయం కావాలని మొక్కుకుని గుండు చేయించుకున్నారు, అలాంటి ఫొటోనే పంపారు. నవ్వు తప్ప ఇంకేమీ లేదు అందులో. ఇంటికొచ్చాక గుండు సంగతి ఎప్పుడు గుర్తొచ్చింది అని అడిగాను. సాయంత్రం జడ వేసుకునే వేళకు చేయి దానంతటదే దువ్వెన అందుకుందట. అదే తీయండి అన్నాను. రెండో ఫొటోలో ఆవిడ అద్దానికి పక్కగా తిరిగి ఉన్నారు. మొహం సగమే కనిపిస్తుంది, అందులో ఏ భావమూ లేదు. కుడి చేతిలో దువ్వెన ఉంది. ఎడమ అరచేయి మెడ వెనక, జడ మొదలయ్యే చోట ఆగిపోయింది. చెవి వెనక చందనం ఎండి చిన్న పెచ్చులా ఉంది. మొక్కు తీరిన నిమ్మళం, జడ లేని వెలితి, రెండూ అందుతాయి చూసేవాళ్లకి.

హాస్టల్లో ఉన్నవాళ్లు రిజల్ట్స్ టెన్షన్ అన్నారు. టెన్షన్‌గా చూడకండి. మంచం అంచున కూర్చుని చార్జర్ వైరు వేలికి చుట్టుకుంటూ ఉండండి, మీరు రోజూ చేసేదేగా.

మూడ్ కోసం చంద్రగిరి కోట దాకా పోవద్దు. రాజమహల్ ముందు నిలబడితే ఆ ఫొటో రాజమహల్‌దే అవుతుంది. ఫొటోను బ్లాక్ అండ్ వైట్ చేసేసి భావం వచ్చిందనుకోవడం కూడా నాకు నచ్చదు.

నేనైతే టైమరు నొక్కాక ఫొటో సంగతి వదిలేసి నిజంగా ఏదో ఒక పని మొదలుపెడతాను: చిక్కుడుకాయలు ఈనె తీయడం, చొక్కా గుండీ కుట్టడం. సెకన్లు లెక్కపెట్టను. లెక్కపెడితే మొహంలో తెలిసిపోతుంది.

ఈసారి అభ్యాసం కష్టమే. ఈ వారంలో మీకు నిజంగా కలిగిన భావం ఒకటి తీసుకోండి, ఊహించుకున్నది వద్దు. వరసగా ఏడు రోజులు, అదే చోట, అదే వేళకు తీయండి. మొదటి మూడు రోజులు మొహం ఫ్రేములోకి రాకూడదు, చేతులు గానీ పాదాలు గానీ మాత్రమే. తర్వాత రెండు రోజులు వీపు. చివరి రెండు రోజులే మొహం. ఏదీ డిలీట్ చేయొద్దు. ఏడో ఫొటో ఇంట్లో ఒకరికి చూపించండి, ఏం తీశారో చెప్పకుండా. "బాగుందే" అంటే మొదటి రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. "ఏం పాపా, ఎందుకట్లుండావు?" అని అమ్మ అడిగితే ఆ ఫొటో నాకు పంపండి.