ముఖం రంగు ఒకే తీరుగా ఉండాలంటే ఎసెన్షియల్ ఆయిల్ ఎన్ని చుక్కలు?

ఎసెన్షియల్ ఆయిల్ అంటే మొక్కను నొక్కో ఆవిరి పట్టో తీసిన ఘాటైన సుగంధ నూనె. నిమ్మ ఎసెన్షియల్ ఆయిల్‌లో విటమిన్ సి ఉండదు. ఆ విటమిన్ నీళ్లలో కరిగేది, తొక్కను నొక్కి తీసిన నూనెలోకి రాదు. పసుపు నూనెదీ అదే కథ. ఆవిరి పట్టి నూనె తీసేటప్పుడు కుర్కుమిన్ (పసుపుకు రంగునిచ్చే పదార్థం) పైకి లేవదు, కాబట్టి సీసాలోకి పసుపు వాసన వస్తుంది గానీ కుర్కుమిన్ రాదు. క్యారెట్ గింజల నూనెలో కెరోటిన్ కోసం వెతికినా దొరకదు. మచ్చలు పోతాయని ఈ మూడింటినీ కొనేవాళ్లే ఎక్కువ, అందుకే ముందుగా ఈ మాట.

మరి ఈ నూనెలు ఏం చేస్తాయి? టీ ట్రీ కొత్త మొటిమలను కొంత అదుపులో పెడుతుంది, మొటిమ తగ్గితే దాని మచ్చా తగ్గుతుంది. లావెండర్, ఫ్రాంకిన్సెన్స్, జెరేనియం ఎక్కువగా వాసన కోసమే. ఇవి కలిపే మామూలు నూనె (క్యారియర్ ఆయిల్) తేమ పోకుండా ఆపుతుంది. పొడిబారి పాలిపోయినట్టున్న చోట్లు సర్దుకుంటే ముఖం ఒకే రంగులో కనిపిస్తుంది. ముదిరిన మెలనిన్‌ను (చర్మానికి రంగునిచ్చే పదార్థాన్ని) చెరిపే శక్తి వీటిలో దేనికీ లేదు.

మన చామనఛాయ చర్మానికి ఇంకో చిక్కుంది. తెల్లటి చర్మం మండితే ఎర్రబడి ఊరుకుంటుంది. మనది మండితే నల్లబడి, ఆ నలుపు నెలల తరబడి ఉంటుంది. మచ్చ పోవాలని ఘాటుగా రాసిన నూనే కొత్త మచ్చ తెస్తుంది. కాబట్టి ఈ పనిలో నేర్చుకోవాల్సింది చుక్కలు తగ్గించడమే.

ముందు మచ్చ ఏదో చూసుకోండి

మొటిమ మానాక మిగిలిన గోధుమ రంగు మచ్చ, ఎండకు కమిలిన నలుపు, పొడిబారిన చర్మం: వీటికి ఈ పద్ధతి ప్రయత్నించవచ్చు. రెండు బుగ్గల మీదా నుదుటి మీదా పరుచుకునే మంగు మచ్చలకు డాక్టర్ వైద్యం కావాలి. మెడ వెనక, చంకల్లో మందంగా, మెత్తటి ముఖమల్ బట్టలా నల్లబడితే అది చాలాసార్లు ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి గుర్తు. అక్కడ నూనె రాయడం కాదు, షుగర్ పరీక్ష చేయించుకోవాలి. స్టెరాయిడ్ కలిసిన ఫెయిర్‌నెస్ క్రీము వాడుతున్నవాళ్లు డాక్టర్ సలహాతో అది మానేసి చర్మం కోలుకునే దాకా ఏ ఎసెన్షియల్ ఆయిలూ ముట్టుకోవద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి.

లెక్క

ముఖానికి రాసే మిశ్రమంలో ఎసెన్షియల్ ఆయిల్ అర శాతం నుంచి ఒక శాతం లోపు చాలు. చుక్క సైజు సీసాను బట్టీ నూనె చిక్కదనాన్ని బట్టీ మారుతుంది గానీ, 1 మి.లీ.కి 20 చుక్కలని లెక్క వేసుకుంటే పని జరుగుతుంది. అంటే 15 మి.లీ.లో 2 చుక్కలు వేస్తే 0.67 శాతం. రెండే చుక్కలా అని అనుమానపడి ఆరు వేసేవాళ్లున్నారు. అప్పుడది రెండు శాతం, ఒంటికి సరిపోవచ్చేమో గానీ రోజూ ముఖానికి వద్దు.

15 మి.లీ.కే ఎందుకంటే, రాత్రికి నాలుగు చుక్కలు వాడితే సుమారు 0.2 మి.లీ. అవుతుంది. ఆ లెక్కన ఈ సీసా 75 రాత్రులు వస్తుంది. ఇందులో కలిపే రోజ్‌హిప్ (ఒక రకం గులాబీ కాయల గింజల నూనె) త్వరగా కంపు కొడుతుంది. 30 మి.లీ. కలిపితే సగం వాడేసరికి పాడవుతుంది.

కావలసినవి: జొజొబా 10 మి.లీ., రోజ్‌హిప్ 5 మి.లీ., లావెండర్ 1 చుక్క, ఫ్రాంకిన్సెన్స్ 1 చుక్క, డ్రాపర్ ఉన్న ముదురు గోధుమ రంగు గాజు సీసా. రోజ్‌హిప్ దొరక్కపోతే మొత్తం జొజొబాయే పోయండి. మొటిమలు వచ్చే ముఖానికి కొబ్బరి నూనె వద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి.

సీసాను వేడినీళ్లతో కడిగి ఒక రోజంతా ఆరనివ్వండి. లోపల తడి మిగిలితే నూనె చెడుతుంది. మెడికల్ షాపులో సూది లేని 5 మి.లీ. సిరంజి తెచ్చుకుంటే కొలతకు ఇబ్బంది ఉండదు. ఖాళీ సీసాలో ముందు ఎసెన్షియల్ ఆయిల్ చుక్కలే వేయండి. సీసాను వంచి చుక్క దానంతట అది పడేదాకా ఆగండి, విదిలించకండి. పొరపాటున నాలుగు పడ్డాయా, కంగారక్కర్లేదు: క్యారియర్ ఆయిల్ రెట్టింపు పోస్తే లెక్క సరిపోతుంది, ఎక్కువైంది ఇంట్లో ఇంకొకరికి ఇవ్వొచ్చు.  మూత పెట్టి అరచేతుల మధ్య దొర్లించి, తేదీ రాసిన కాగితం అంటించి, పైన టేపు వేయండి. జిడ్డుకు అక్షరాలు చెరిగిపోతాయి.

రోజ్‌వాటర్‌లోనో కలబంద రసంలోనో కలుపుదామనుకోవద్దు. నీళ్లలో నూనె కరగదు, పైన తేలుతుంది. దూదితో అద్దుకున్నప్పుడు నీళ్లు కలవని నూనె నేరుగా బుగ్గకు తగిలి అక్కడే కాలుతుంది.

మోచేతి పరీక్ష, తర్వాత ముఖం

మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత చోట ఉదయం, రాత్రి రాస్తూ వారం రోజులు చూడండి. ఒక్కరోజు పరీక్ష సరిపోదు, అలర్జీ బయటపడటానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. దురద, ఎరుపు, పొక్కులు కనిపిస్తే ఆ మిశ్రమం మీకు పడదు.

పడితే వారానికి మూడు రాత్రులతో మొదలుపెట్టండి. ముఖం కడిగి, చెమ్మగా ఉన్నప్పుడే మూడు నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని మెల్లగా అద్దండి. గట్టిగా రుద్దితే ఆ ఒరిపిడికే చర్మం నల్లబడుతుంది. కళ్ల చుట్టూ వేలు వెడల్పు, పెదవులు వదిలేయండి. రెటినాల్, గ్లైకోలిక్ యాసిడ్ రాసిన రాత్రి ఇది వద్దు. త్రెడింగ్, వ్యాక్సింగ్ అయ్యాక రెండు రోజులు ఆగండి. మే నెల ఉక్కలో పొడిబారిన చోట మాత్రమే రాస్తే చాలు.

నుదుటి మీద ఒకే సైజులో దురదపెట్టే చిన్న పొక్కులు వస్తే అవి మామూలు మొటిమలు కాకపోవచ్చు. నూనెను తిని పెరిగే ఈస్ట్ వల్ల వచ్చేవి అయ్యుంటాయి. అప్పుడు నూనెలన్నీ ఆపి డాక్టర్‌కి చూపించండి.

నిమ్మ, బెర్గమాట్ జోలికి ఎందుకు పోకూడదు

తొక్క నొక్కి తీసిన నిమ్మ, లైమ్, బెర్గమాట్ (నిమ్మ జాతి కాయ) నూనెల్లో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. వీటి మీద ఎండ పడితే చర్మం కాలి, నల్లటి మరకలు మిగులుతాయి. సుగంధ పరిశ్రమ ప్రమాణాల సంస్థ ఇఫ్రా చర్మం మీద మిగిలి ఉండేవాటికి బెర్గమాట్‌ను 0.4 శాతానికి పరిమితం చేసింది. 15 మి.లీ.లో అది చుక్కకు కాస్త పైన, అంతే. రెండో చుక్క పడితే గీత దాటినట్టే. దాల్చిన చెక్క, లవంగం నూనెలు ఎండతో పనిలేకుండానే ముఖాన్ని మండిస్తాయి.

చందనం నూనె కొనేటప్పుడు ధర చూడండి. 10 మి.లీ. 200 రూపాయలకు వస్తోందంటే అది అసలు చందనం కాదు. శేషాచలం కొండల ఎర్రచందనం వేరే చెట్టు, దానికి ఆ వాసనే లేదు. కుంకుమాది తైలం కూడా ఎసెన్షియల్ ఆయిల్ కాదు, మూలికలను కాచి నూనెలో దించినది. దాంట్లో మళ్లీ చుక్కలు కలపక్కర్లేదు.

మండితే, పాతబడితే

మండగానే నీళ్లు చల్లకండి, నూనె కదలదు. చుక్కలు కలపని క్యారియర్ ఆయిల్‌ను దూదితో అద్ది తుడిచి, ఆ తర్వాత సున్నితమైన సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ పెట్టండి. కంట్లో పడితే మాత్రం ధారగా నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఎరుపు రెండు రోజుల్లో దిగకపోతే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి.

గాలి తగిలేకొద్దీ లావెండర్‌లోని లినలూల్ అనే వాసన పదార్థం, టీ ట్రీలోని కొన్ని పదార్థాలు మారిపోయి అలర్జీ పుట్టిస్తాయి. నిన్నటిదాకా పడిన నూనె ఇవాళ పడకపోవడానికి తరచూ ఇదే కారణం. సీసా తెరిచిన తేదీ రాసుకోండి, చల్లగా చీకట్లో ఉంచండి, టీ ట్రీని ఏడాది దాటనివ్వకండి.

పగలు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, రెండు వేళ్ల పొడవునా పిండినంత. మంగు ఉన్నవాళ్లకు ఐరన్ ఆక్సైడ్ కలిసిన, కాస్త రంగున్నది మేలు, ఎందుకంటే కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది. పగలు సన్‌స్క్రీన్ రాయకపోతే రాత్రి వేసిన రెండు చుక్కలూ దండగ. నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వేళకు ఫొటో తీసుకోండి. పైపై మచ్చలు పలచబడటానికే నెలలు పడుతుంది, లోతువి ఇంకా ఎక్కువ కాలం తీసుకుంటాయి.